కొత్త పంపు, పాత గొట్టం: విమాన ఇంజిన్‌లో మార్పులు తెచ్చే తిప్పలు

2001 ఆగస్టు మూడో వారం. కెనడాలోని మిరాబెల్‌లో ఎయిర్ ట్రాన్సాట్ సంస్థకు చెందిన ఒక ఎయిర్‌బస్ ఏ330కి కుడివైపు ఇంజిన్ మారుస్తున్నారు. ఉన్న ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను దొరకడంతో దాన్ని దించేశారు. దాని స్థానంలో ఎక్కిస్తున్నది రోల్స్‌రాయిస్ దగ్గర అరువు తెచ్చిన స్పేర్ ఇంజిన్. రెండూ ట్రెంట్ 700 రకానివే. అయినా దించిన ఇంజిన్ నుంచి విప్పిన హైడ్రాలిక్ పంపును అరువు ఇంజిన్‌కి బిగించబోతే అది కూర్చోలేదు. పక్కనుంచి పోయే ఇంధన గొట్టం అడ్డొచ్చింది.

అరువు ఇంజిన్ పాత స్థితిలో ఉండిపోవడమే దీనికి కారణం. హైడ్రాలిక్ పంపు విషయంలో రోల్స్‌రాయిస్ ఒక సర్వీస్ బులెటిన్ (భాగాన్ని ఎలా మార్చాలో చెప్పే సూచనపత్రం) ఇచ్చింది. దించిన ఇంజిన్‌కి ఆ మార్పు చేశారు, అరువు ఇంజిన్‌కి చెయ్యలేదు. కొత్త రకం పంపు పెడితే ఇంధన గొట్టాన్నీ, హైడ్రాలిక్ గొట్టాన్నీ కూడా కొత్త రకానికి మార్చాలి. అలాంటి బులెటిన్ ఒకటుందని పని మధ్యలో టెక్నీషియన్‌కి తెలిసింది. కంప్యూటర్‌లో తెరిచి చూద్దామంటే నెట్‌వర్క్ సమస్య వచ్చింది. చివరికి నోటిమాట సలహా మీదే పని కానిచ్చారు. దించిన ఇంజిన్ నుంచి ఇంధన గొట్టం తెచ్చి పెట్టారు. హైడ్రాలిక్ గొట్టాన్ని మాత్రం పాతదే ఉంచేశారు.

ఆ రెండు గొట్టాలూ ఒకదానికొకటి తగులుతున్నట్టు బిగించేటప్పుడే కనిపించింది. కాస్త బలం పెట్టి హైడ్రాలిక్ గొట్టాన్ని పక్కకు నెట్టి పట్టుకుని నట్టు బిగిస్తే మధ్యలో సందు వచ్చింది. చూసినవాళ్లకి అంతా సరిగ్గానే అనిపించింది. కానీ ఇంజిన్ తిరగడం మొదలయ్యాక ఆ గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 3,000 పౌండ్లకు చేరుతుంది. అంత ఒత్తిడి ఎక్కేసరికి గొట్టం తన సహజమైన వంపుకి తిరిగొచ్చేసింది. సందు పోయి, గొట్టానికి గొట్టం రాసుకోవడం మొదలైంది.

వారం తిరక్కముందే, ఆగస్టు 24న, 306 మందితో టొరంటో నుంచి లిస్బన్ వెళ్తుండగా అట్లాంటిక్ మీద ఆ ఇంధన గొట్టం చిట్లింది. పైలట్లకు ముందు కనిపించిన లక్షణాలకూ ఇంధనానికీ పైకి సంబంధమే లేదు. కుడి ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రత తగ్గింది, ఆయిల్ ఒత్తిడి పెరిగింది. ఇంజిన్‌లో వేడెక్కిన ఆయిల్‌ను చల్లబరిచేది దాని పక్కనుంచి పారే ఇంధనమే. లీకు వల్ల ఇంధనం మామూలు కంటే ఎక్కువగా పారి ఆయిల్‌ను అతిగా చల్లబరిచింది. ఆ సూచనను ఎవరూ లీకుగా పోల్చుకోలేకపోయారు. తర్వాత రెండు వైపులా ఇంధనం సమంగా లేదని, రెండు వైపుల ట్యాంకులనూ కలిపే క్రాస్‌ఫీడ్ తెరిస్తే, మంచి ట్యాంకులోని ఇంధనం కూడా చిట్లిన గొట్టం గుండా సముద్రం పాలైంది. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం దాదాపు 19 నిమిషాలు గాలిలో జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే మీద దిగింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా పైలట్ల సాహసగాథగా చెబుతారు. అది నిజమే గానీ, ఇంజిన్ల నిర్వహణ గురించి ఆలోచించేవాళ్లకి అంతకంటే పెద్ద విషయం హ్యాంగర్‌లోనే ఉంది. కొత్త పంపులో లోపం లేదు, పాత గొట్టంలోనూ లేదు. దేని జతలో అది ఉంటే చక్కగా పనిచేసేవే. ఆ రెండింటినీ ఒకేచోట కలపడమే కొంప ముంచింది. ఇంజిన్ భాగాల్లో మార్పుల వల్ల వచ్చే చిక్కుల్లో సగానికి సగం ఈ బాపతువేనని నా అభిప్రాయం. మిగతా సగం వేరే రకం, వాటి సంగతి తర్వాత చూద్దాం.

మార్చకుండా ఉండలేరా?

ఉండలేరు. ఒక ఇంజిన్ రకం మార్కెట్లోకి వచ్చాక పాతికేళ్లు, ముప్పై ఏళ్లు తిరుగుతుంది. ఆ కాలంలో ఎక్కడ పగుళ్లు వస్తున్నాయో, ఏ సీల్ ముందే అరిగిపోతోందో, ఏ బ్రాకెట్ కంపనానికి విరిగిపోతోందో వాడకంలోనే బయటపడుతుంది. తయారీదారు ఆ భాగాన్ని మార్చి, ఎలా మార్చాలో సర్వీస్ బులెటిన్‌లో చెబుతాడు. వాటిలో కొన్ని వెంటనే చెయ్యాల్సినవి. కొన్ని ఇంజిన్ ఈసారి షాపుకి వచ్చినప్పుడు చేస్తే చాలు. కొన్ని ఇష్టమైతే చేసుకోవచ్చు. భద్రతకు ముప్పు ఉందనుకుంటే అమెరికాలో ఎఫ్ఏఏ, ఐరోపాలో ఇయాసా, మన దేశంలో డీజీసీఏ లాంటి నియంత్రణ సంస్థలు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ ఇస్తాయి. అది వచ్చిందంటే ఇక ఇష్టాయిష్టాలు లేవు, గడువులోగా చెయ్యాల్సిందే.

చిక్కు వచ్చేది ఆ చివరి రకం, అంటే ఇష్టమైతే చేసుకోమన్న బులెటిన్ల దగ్గర. ఒక విమానయాన సంస్థ చేస్తుంది, ఇంకోటి ఖర్చెందుకని ఊరుకుంటుంది. ఇంజిన్లు ఒకే చోట ఉండవు. లీజు మీద చేతులు మారతాయి, స్పేర్‌గా అరువుకి పోతాయి, ఒకదాని నుంచి విప్పిన విడిభాగం ఇంకోదానికి ఎక్కుతుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఒకే పేరున్న ఇంజిన్లు లోపల రకరకాల స్థితుల్లో ఉంటాయి. బయటి నుంచి చూస్తే తేడా తెలీదు. నేమ్‌ప్లేట్ మీద అదే మోడల్, అదే థ్రస్ట్ (ఇంజిన్ నెట్టే బలం). లోపల ఏ గొట్టం ఏ తరానిదో చెప్పేది కాగితాలే. ఎయిర్ ట్రాన్సాట్ వాళ్ల దగ్గర ఉన్నవన్నీ మార్పు జరిగిన ఇంజిన్లే కాబట్టి, మార్పు జరగని ఇంజిన్ ఎలా ఉంటుందో ఆ సిబ్బంది అప్పటిదాకా చూసి ఉండలేదు.

పార్ట్ నంబర్ల వ్యవహారం దీన్ని ఇంకా ముదురుస్తుంది. కొత్త భాగం వచ్చాక క్యాటలాగ్‌లో పాత నంబరు పక్కన 'దీని బదులు ఇది వాడొచ్చు' అని ఉంటుంది. అయితే ఆ వీలు రెండు వైపులా ఉండాలనేం లేదు. కొత్తది పాతదాని చోట పెట్టొచ్చు, పాతది కొత్తదాని చోట పెట్టకూడదు అనేవి ఎన్నో. విడిగా మార్చకూడదు, మూడూ కలిపే మార్చాలి అనేవీ ఉంటాయి. ఆ షరతు క్యాటలాగ్ అడుగున చిన్న నోట్‌లో ఉంటుంది. స్టోర్ రూమ్ కంప్యూటర్‌కి ఆ నోట్ చదవడం రాకపోతే, 'ఆల్టర్నేట్ అందుబాటులో ఉంది' అని చూపించేస్తుంది. రాత్రి రెండు గంటలకు, పొద్దున ఆరింటికి విమానం బయల్దేరాల్సి ఉండగా, స్క్రీన్ మీద పచ్చగా కనిపించే ఆ మాటను ఎంతమంది అనుమానిస్తారు?

ఆ ప్రమాదాన్ని విచారించిన పోర్చుగల్ అధికారులు ఈ విషయాన్ని చాలా సూటిగా చెప్పారు. అరువు ఇంజిన్ వచ్చినప్పుడు గానీ, ఇంజిన్ మార్పిడికి ప్రణాళిక వేసినప్పుడు గానీ రెండింటి మధ్య తేడాను పట్టుకునే ఏర్పాటు పనిచెయ్యలేదు. ఆ భారం మొత్తం స్పానర్ పట్టుకున్నవాళ్ల మీద పడింది. నిజానికి ఇంజిన్ ఆగస్టు మొదట్లోనే వచ్చింది, దాన్ని ఎక్కించింది రెండు వారాల తర్వాత. ఏ బులెటిన్లు చేశారో, ఏవి చెయ్యలేదో తెలిపే పట్టికను దించబోయే ఇంజిన్ పట్టికతో పక్కపక్కన పెట్టి చూడటానికి ఆఫీసులో కూర్చున్న ఒక మనిషికి పూట పని. ఆ పని చెయ్యకుండా మెకానిక్‌ని తప్పుబట్టడం సులువు. బిగించేటప్పుడు బలం పెట్టాల్సి వచ్చిందంటేనే ఏదో తేడా ఉందని అతనికి తోచాల్సింది, ఆ మాటా నిజమే. కానీ అతను అక్కడికి చేరేసరికే ఆపాల్సిన గేట్లన్నీ తెరిచి ఉన్నాయి.

ఒకటి సరిచేస్తే ఇంకోటి

ఇక రెండో రకం. ఇక్కడ కలగాపులగం లేదు, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, బులెటిన్ అక్షరాలా పాటించారు. మార్చిన భాగమే కొత్త సమస్య తెచ్చింది.

ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1100జీ ఇంజిన్ దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. ఏ320నియో విమానాలకు వాడే ఈ ఇంజిన్ 2016 జనవరిలో లుఫ్తాన్సాతో సేవలో అడుగుపెట్టింది. దాని హై ప్రెజర్ కంప్రెసర్ (గాలిని నొక్కి ఒత్తిడి పెంచే భాగం) వెనక భాగంలో నైఫ్ ఎడ్జ్ సీల్ అని ఒకటుంటుంది. కత్తి అంచుల్లాంటి పలచని వలయాలు తిరుగుతూ, ఎదుటి గోడకి తగలకుండా అతి తక్కువ సందుతో గాలి లీకవకుండా ఆపుతాయి. దాని మన్నిక పెంచుదామని 2017లో డిజైన్ మార్చారు. ఆ మార్పుతో వచ్చిన ఇంజిన్లు కొన్ని గాలిలోనే ఆగిపోయాయి, కొన్ని టేకాఫ్ పరుగులో మొరాయించాయి. 2018 ఫిబ్రవరి 9న ఇయాసా అత్యవసర ఆదేశం ఇచ్చింది. రెండు ఇంజిన్లూ ఈ కొత్త సీల్‌వే అయిన విమానం ఎగరకూడదన్నది అందులో ముఖ్యమైన నిబంధన. తర్వాతి నెల 12న డీజీసీఏ ఇంకో అడుగు ముందుకేసి, అలాంటి ఇంజిన్ ఒక్కటున్నా సరే నేల మీదే ఉంచమంది. ఇండిగోవి 8, గోఎయిర్‌వి 3, మొత్తం 11 విమానాలు ఆగిపోయాయి. చివరికి ప్రాట్ ఏం చేసింది? పాత డిజైన్ సీల్‌కే తిరిగి వెళ్లింది.

ఇలా వెనక్కి వెళ్లడం వినడానికి తేలిగ్గా ఉంటుంది. నిర్వహణ చూసేవాళ్లకి మాత్రం అది మూడో స్థితి. మొదటి రకం ఇంజిన్లు, మార్చినవి, మార్చి మళ్లీ పాతదానికి తెచ్చినవి అన్నీ ఒకే ఫ్లీట్‌లో ఉంటాయి. ఏది ఏ స్థితిలో ఉందో సీరియల్ నంబర్‌ని బట్టి చూసుకోవాలి. ఇయాసా ఆదేశం కూడా ఫలానా సీరియల్ నంబరు నుంచి మొదలయ్యే ఇంజిన్లకే వర్తించింది.

అదే ఇంజిన్‌లో లో ప్రెజర్ టర్బైన్ (వేడి వాయువు తిప్పే వెనక భాగం) మూడో వరస బ్లేడ్ల కథ ఇంకోటి. బరువు తగ్గడానికి వాటిని టైటానియం అల్యూమినైడ్‌తో చేశారు. తేలికైన పదార్థమే గానీ, ముందు నుంచి ఏదైనా ముక్క వచ్చి తగిలితే తట్టుకోలేక విరిగేది. ఈసారి నికెల్ మిశ్రలోహపు బ్లేడ్లకి మార్చమన్నారు. భారత్‌లో 2019 చివర్లో డీజీసీఏ గడువు పెట్టింది. కొత్త బ్లేడ్లు వేసిన ఇంజిన్లు సరిపడా దొరక్క గడువును తర్వాత పొడిగించాల్సి వచ్చింది. ఈలోగా విమానానికి కనీసం ఒక్కటైనా మార్చిన ఇంజిన్ ఉండేలా సర్దమన్నారు. అంటే బాగానే తిరుగుతున్న ఒక విమానం నుంచి మంచి ఇంజిన్ విప్పి ఇంకో విమానానికి ఎక్కించాలి. భద్రత కోణంలో ఆ తర్కం సరైనదే, రెండూ ఒకేసారి ఆగిపోయే అవకాశం తగ్గుతుంది. కానీ ప్రతి ఇంజిన్ మార్పిడీ వందల కనెక్షన్లు విప్పి బిగించే పని. ఒక ముప్పు తగ్గించడానికి హ్యాంగర్‌లో పొరపాటు జరిగే అవకాశాన్ని పెంచుతున్నాం. ఆ లెక్క వేసి చూపించే ఆదేశం ఏదీ నాకు కనబడలేదు.

జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల జెన్‌ఎక్స్-1బి ఇంజిన్‌లో సమస్య సందు దగ్గరే వచ్చింది. బోయింగ్ 787కి వాడే ఈ ఇంజిన్‌లో ఇంధనం ఇంకాస్త ఆదా చెయ్యడానికి పిప్2 అనే మెరుగుదల ప్యాకేజీ తెచ్చారు. అందులో ఫ్యాన్ బ్లేడ్ల కొసలకీ చుట్టూ ఉన్న కేసింగ్‌కీ మధ్య సందు ముందుకంటే తగ్గింది. సందు తగ్గితే గాలి వృథా కాదు, కాబట్టి ఇంధనం కలిసొస్తుంది. 2016 జనవరి 29న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వాంకూవర్ నుంచి నరీటా వస్తుండగా బ్లేడ్ల మీద పేరుకున్న మంచు ఊడిపోయి, ఫ్యాన్ అదిరి, బ్లేడ్లు కేసింగ్‌ని రాసుకున్నాయి. ఆ ఇంజిన్ ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. రెండో ఇంజిన్ పాత రకం కావడంతో విమానం క్షేమంగా దిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎఫ్ఏఏ ఆదేశమిచ్చింది. రెండువైపులా పిప్2 ఇంజిన్లే ఉన్న విమానాల్లో కనీసం ఒకదాన్ని సరిచెయ్యాలి. సరిచెయ్యడమంటే కేసింగ్ లోపలి పూతను అరగదీసి సందు పెంచడం. ఇంజిన్‌ని రెక్క నుంచి దించకుండానే ఈ పని చెయ్యొచ్చు. ఇంధనం ఆదా కోసం తగ్గించిన సందునే గ్రైండింగ్ చేసి మళ్లీ పెంచారన్నమాట.

ఇలాంటి ఉదంతాల్లో తయారీదారు నిర్లక్ష్యం వెతకడం మామూలే. నాకు కనిపించేది ఇంకోటి. పాత భాగానికి లక్షల గంటల వాడకం అనే సాక్ష్యం ఉంటుంది. దాని బలహీనతలు బయటపడ్డాయి, వాటికి తగ్గ తనిఖీలు ఏర్పడ్డాయి. కొత్త భాగానికి పరీక్షశాల సాక్ష్యమే ఉంటుంది. అది ఎలా పాడవుతుందో ఇంకా ఎవరికీ తెలీదు కాబట్టి దేన్ని, ఎన్నాళ్లకోసారి చూడాలో కూడా సరిగ్గా తెలీదు. చాలాసార్లు పాత భాగానికి పెట్టిన తనిఖీ గడువే కొత్తదానికీ కొనసాగుతుంది, అది చెల్లుతుందని ఇంకా రుజువు కాకపోయినా.

కంటికి కనిపించని మార్పు: కంపనం

ప్రతి బ్లేడ్‌కీ తనదైన సహజ కంపన పౌనఃపున్యాలు ఉంటాయి. అవి దాని బరువు మీద, బిగువు మీద ఆధారపడతాయి. ఇంజిన్ తిరిగేటప్పుడు ముందు వరసలోని కదలని వేన్‌ల వెనక గాలి అలలు అలలుగా వస్తుంది. ఆ అలల లయ బ్లేడ్ సహజ లయతో కలిసిందంటే, చిన్న తాకిడి కూడా పెద్ద ఊపుగా మారి లోహం అలసిపోతుంది. డిజైన్ చేసేవాళ్లు ఇంజిన్ ఎక్కువసేపు తిరిగే వేగాల్లో ఈ కలయిక రాకుండా చూస్తారు. తర్వాత ఎవరైనా బ్లేడ్ ఆకారం కొద్దిగా మార్చినా, అంచు మీద గాటు పడిందని అరగదీసి నున్నగా చేసినా, పైన పూత మందం పెంచినా, ఇంజిన్‌ని ఇంకాస్త ఎక్కువ శక్తితో తిప్పినా ఆ ఏర్పాటు కదులుతుంది.

1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737-400 కూలిపోయి 47 మంది చనిపోయారు. ఎడమ ఇంజిన్ పాడైతే, బాగున్న కుడి ఇంజిన్‌ని పైలట్లు ఆపేశారన్నదే అందరికీ గుర్తుంది. ఎడమ ఇంజిన్ ఎందుకు పాడైందన్నది ఈ వ్యాసానికి సంబంధించిన సంగతి. అది సీఎఫ్ఎం56-3సి, అంతకుముందున్న రకం కంటే ఎక్కువ థ్రస్ట్ ఇచ్చేలా పెంచిన ఇంజిన్. పదివేల అడుగుల పైన, ఎక్కువ శక్తితో తిరిగేటప్పుడు ఫ్యాన్ బ్లేడ్‌లో ఒక కంపనం పుట్టేది. ధ్రువీకరణ పరీక్షలు నేల మీద చెయ్యడంతో అది బయటపడలేదు. బ్లేడ్ అలసిపోయి విరిగింది. అదే ఏడాది జూన్‌లో అదే రకం ఇంజిన్లలో ఇంకో రెండు బ్లేడ్లు విరిగాక గానీ విషయం పూర్తిగా తేటతెల్లం కాలేదు. ఇక్కడ మారింది బ్లేడ్ మీద పడే భారం. హ్యాంగర్‌లో తనిఖీ చేసేవాళ్లకి అనుమానించడానికి ఆధారమే లేదు.

రోల్స్‌రాయిస్ ట్రెంట్ 1000లో ప్యాకేజ్ సి అనే మెరుగుపరిచిన రకానిదీ కంపనం కథే. రెండు ఇంజిన్లూ బాగున్నంతకాలం పెద్ద ఇబ్బంది లేదు. ఒక ఇంజిన్ ఆగిపోయి, రెండోది గంటల తరబడి గరిష్ఠ శక్తికి దగ్గరగా తిరగాల్సి వస్తే, ఇంటర్మీడియట్ కంప్రెసర్ బ్లేడ్లు సరిగ్గా ఆ ప్రమాదకరమైన లయలో పడేవి. పగుళ్లకు అదే కారణమయ్యేది. అంటే ప్రాణాలు పూర్తిగా ఆ ఇంజిన్ మీదే ఆధారపడిన సమయంలోనే అది బలహీనపడేది. అందుకే 2018 ఏప్రిల్‌లో ఎఫ్ఏఏ ఈ ఇంజిన్లున్న 787లు అవసరమైతే దిగగల విమానాశ్రయానికి ఎన్ని నిమిషాల ప్రయాణమంత దూరం పోవచ్చన్న పరిమితిని 330 నిమిషాల నుంచి 140 నిమిషాలకు కుదించింది. సముద్రాల మీది రూట్లు మార్చుకోవాల్సి వచ్చింది. బోర్‌స్కోప్ (సన్నని గొట్టం లాంటి కెమెరా) లోపలికి పంపి బ్లేడ్ల మొదళ్ల దగ్గర పగుళ్లు వెతికే తనిఖీలు ముందుకంటే ఎంతో తరచుగా చెయ్యాల్సి వచ్చింది.

టర్బైన్ వైపు మార్పుల గురించి ఒక్క మాట. అక్కడ వాయువు వేడి లోహం కరిగే ఉష్ణోగ్రతను దాటిపోతుంది. బ్లేడ్ నిలబడేది దాని ఒంటి మీద ఉన్న సన్నని రంధ్రాల్లోంచి వచ్చే చల్లగాలి వల్ల, పైనున్న పూత వల్ల. రిపేరులో పూత మళ్లీ వేసినప్పుడు కాస్త మందం పెరిగి రంధ్రాల నోళ్లు ఇరుకైతే, చూడటానికి బ్లేడ్ కొత్తదానిలా మెరుస్తుంది గానీ, లోపల ఎక్కువ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. అందుకే మంచి షాపులు పూత అయ్యాక బ్లేడ్ గుండా గాలి పంపి ఎంత పారుతోందో కొలుస్తాయి.

వేరేవాళ్లు చేసిన భాగాలు

ఇంజిన్ తయారీదారు కాకుండా వేరే కంపెనీలు కూడా ఎఫ్ఏఏ ఆమోదంతో విడిభాగాలు చేస్తాయి. వీటిని పీఎంఏ భాగాలంటారు. ధర తక్కువ. చాలావరకు బాగానే పనిచేస్తాయి కూడా, వాటన్నిటినీ నాసిరకమనడం అన్యాయం. అయితే సమస్య వచ్చినప్పుడు ఎవరి మాట వినాలన్న తగువు మొదలవుతుంది. చిన్న విమానాల్లో వాడే కాంటినెంటల్ 520, 550 సిరీస్ పిస్టన్ ఇంజిన్లకు ఈసీఐ కంపెనీ చేసిన సిలిండర్లలో కొన్నిటికి హెడ్‌, బ్యారెల్‌ కలిసే చోట పగుళ్లు వచ్చి విడిపోయాయి. వాటిని తీసేయాలని 2013లో ఎఫ్ఏఏ ప్రతిపాదిస్తే, అభ్యంతరాల మధ్య వాదన మూడేళ్లు నడిచి, తుది ఆదేశం 2016లో వచ్చింది.

ఆ అభ్యంతరాల్లో ఒకటి ఆలోచించదగ్గది. బాగా తిరుగుతున్న ఇంజిన్‌కి సిలిండర్లన్నీ ఊడదీసి మార్చడమే ప్రమాదకరం అన్నారు. సిలిండర్లను పట్టి ఉంచే పొడవాటి బోల్టులే క్రాంక్‌కేస్ రెండు సగాలనూ కలిపి బిగిస్తాయి. వాటిని వదులు చేసి మళ్లీ సరైన టార్క్‌తో, సరైన క్రమంలో బిగించకపోతే లోపల బేరింగ్ కదిలి ఇంజిన్ మొత్తం ఆగిపోవచ్చు. పగిలే సిలిండర్‌తో ఎగరడం ముప్పా, దాన్ని విప్పడం ముప్పా? రెండూ ముప్పే. పాత స్థితిని కదిలించకుండా ఉండటానికీ ఒక విలువ ఉందని ఒప్పుకోవడం నియంత్రణ సంస్థలకు కష్టం. కదిలించకపోవడం వల్ల జరిగిన ప్రమాదానికి తామే జవాబు చెప్పుకోవాలి కదా.

కాగితం మీద ఆయుష్షు

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ, ఎక్కువ డబ్బు మింగేదీ రికార్డుల సమస్య. టర్బైన్ డిస్క్, కంప్రెసర్ డిస్క్, షాఫ్ట్ లాంటివి విరిగితే కేసింగ్ వాటిని ఆపలేదు. అందుకే వాటికి ఆయుష్షు ముందే రాసిపెడతారు. ఇన్ని సైకిళ్లు అయ్యాక, చూడటానికి ఎంత బాగున్నా తీసి పారెయ్యాల్సిందే. ఒక స్టార్ట్, ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిసి దాదాపుగా ఒక సైకిల్.

ఆ పరిమితి ఇంజిన్ ఏ థ్రస్ట్ రేటింగ్‌లో తిరుగుతుందన్నదాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు ఒక డిస్క్‌కి తక్కువ రేటింగ్‌లో 20,000 సైకిళ్లు, ఎక్కువ రేటింగ్‌లో 15,000 సైకిళ్లు అనుకుందాం. తక్కువ రేటింగ్‌లో 10,000 తిరిగాక ఇంజిన్‌ని ఎక్కువ రేటింగ్‌కి మార్చారు. ఇది చాలా ఇంజిన్లలో ఏ భాగమూ విప్పకుండా, కంట్రోల్ కంప్యూటర్‌కి పెట్టే చిన్న ప్లగ్ మార్చడంతో అయిపోయే పని. డిస్క్‌కి ఇంకా ఎంత మిగిలింది? 15,000లోంచి 10,000 తీసేసి 5,000 అంటే తప్పు. 20,000లో సగం వాడేశారు కాబట్టి 15,000లో సగం, అంటే 7,500 మిగిలినట్టు. ఇది సులువైన లెక్క. ఆ డిస్క్ మూడు సంస్థల చేతుల్లో, నాలుగు ఇంజిన్లలో, మధ్యలో ఒక బులెటిన్‌తో పార్ట్ నంబర్ చివరి అంకె మారి తిరిగిందనుకోండి. అప్పుడు లెక్క కంటే ముందు చరిత్ర కావాలి.

బులెటిన్ ప్రకారం భాగాన్ని సవరించాక కొత్త నంబరు దాని మీద చెక్కుతారు, లేదా కాగితాల్లో మాత్రమే మారుస్తారు. రెండో పద్ధతిలో వస్తువు మీద ఒక నంబరు, రికార్డులో ఇంకో నంబరు ఉంటాయి. ఇంజిన్ లీజు ముగిసి తిరిగిచ్చేటప్పుడు దాని యజమాని తరఫు మనుషులు ఒక్కో డిస్క్‌కీ తయారైన రోజు నుంచి ఇవాళ్టి దాకా గొలుసు తెగకుండా చూపించమంటారు. ఏ ఇంజిన్‌లో, ఏ రేటింగ్‌లో, ఎన్ని సైకిళ్లు, ఏ బులెటిన్లు చేశారు అన్నీ కావాలి. పీఎంఏ భాగాలు ఉంటే లీజుకిచ్చిన యజమానుల్లో కొందరు ఇంజిన్‌నే వద్దంటారు. ఎప్పుడో మూతపడిన ఒక సంస్థ దగ్గర ఆ డిస్క్ గడిపిన ఎనిమిది నెలలకు కాగితం దొరకకపోతే, ఆ కాలమంతా అత్యంత కఠినమైన రేటింగ్‌లో తిరిగినట్టు లెక్కగట్టుకోవడానికి ఒప్పుకుంటే ఒప్పుకుంటారు. లేదంటే పగులు గానీ అరుగుదల గానీ లేకపోయినా, సగం ఆయుష్షు మిగిలి ఉన్నా, ఆ డిస్క్‌ని తుక్కు కింద రాసెయ్యాల్సిందే.